అన్నభేది – పాలిపోయిన పైరులకు దాని యుపయోగము

నారుమడి గాని వేరుశనగ చేను గాని పసుపువన్నెకుఁ దిరిగినప్పుడు, బలము చాలలేదని తలఁచి రైతులు యూరియా చల్లుచుందురు. కొన్నియెడల దాని వలన గుణము కనఁబడదు. ధనము వ్యయమగును, నారు చెడును, నాట్లకు అదను తప్పును. ఇనుము చాలకపోవుటచేఁ గలిగిన పాలిపోవుటకుఁ దగిన మందు అన్నభేది.

అన్నభేది యెట్టిది?

ఇది ఇనుము, గంధకము, ప్రాణవాయువులతో నేర్పడి నీటిని తనలో నిముడ్చుకొన్న లవణము. దీని స్ఫటికములు లేఁత ఆకుపచ్చగా నుండును. శుద్ధమైన సరకు నూఱు పాళ్లలో ఇనుము సుమారు 20 పాళ్లు, నీరు 45 పాళ్లు. ఇది నీటిలో సులభముగాఁ గరఁగును. గాలి తగిలినకొలఁది పైని తుప్పువన్నె పొర యేర్పడును. అట్టి సరకు పైరునకు అంతగా నుపకరింపదు. కరక్కాయ కషాయములోఁ గలిపినచో నల్లనగును. పూర్వము వ్రాఁతసిరా నిట్లు చేసెడివారు. నీలవర్ణము గల మైలుతుత్తము రాగిలవణము. దీనికి బదులుగా దానిని వాడినచో ఆకులు మాడిపోవును.

లోపమును గుర్తించుట

నత్రజని చాలనప్పుడు ముదురాకులు ముందుగాఁ బాలిపోవును. ఇనుము ముదురాకుల నుండి లేఁతాకులకు సులభముగాఁ బోఁజాలదు. కావున అది చాలనప్పుడు లేఁతాకులే ముందుగా పసుపువన్నె పొందును. మొదట ఈనెలు పచ్చగానే యుండును. లోపము ముదిరినచో ఆకంతయుఁ దెల్లనగును. సందేహము గలిగినచో మడిలో నొక మూల కొన్ని మొక్కలపై ద్రావణమును చల్లి చూడవలెను. కొన్ని దినములలో నవి పచ్చఁబడినచో ఇనుము లోపమే యని నిశ్చయింపవచ్చును.

నేలలో నేల వేయరాదు?

ఈ లోపము గల నేలలలో ఇనుము లేకపోదు. సున్నము హెచ్చుగా నున్న నేలలలో అది కరఁగని తుప్పురూపమున నుండి వేళ్లకు అందదు. అట్టి నేలలో వేసిన అన్నభేదియు శీఘ్రముగా నట్లే మాఱిపోవును. నీరు నిలిచిన మడిలో గాలి తగ్గి ఇనుము కరఁగును; అందుచే మెట్ట నారుమళ్లలో నీ లోపము హెచ్చు. నీటి వసతి గలవారు నారుమడికి నీరు నిలుపుట మేలు. తక్కినవారు ఆకులపైఁ బిచికారి చేయవలెను. ఇనుపలవణమును ఆకులకు పట్టించి పచ్చఁదనము రప్పింపవచ్చునని ఫ్రాన్సు దేశస్థుఁడగు యూసేబ్ గ్రీ 1840వ దశకముననే చూపెను.

పిచికారి చేయు విధము

వరి నారుమడికి లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మఉప్పు కలుపవలెను. వేరుశనగకు లీటరునకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు చాలును. ఇనుము తుప్పుగా మాఱకుండ నిమ్మఉప్పు కాపాడును. క్రొత్తగాఁ బుట్టిన ఆకులకు పాత ఆకుల ఇనుము చేరదు గనుక, నారుమడిలో 4, 5 దినముల కొకసారి చొప్పున రెండు మూడు మాఱులు చల్లవలెను.

జాగ్రత్తలు

1. ద్రావణమును ఏనాఁటిది ఆనాఁడే వాడవలెను. గోధుమవన్నెకుఁ దిరిగిన దానిని చల్లరాదు.

2. ఎండవేళ మాని సాయంకాలము చల్లవలెను. పురుగుమందులతోఁ గలుపరాదు.

3. సరకును గాలి చొరని పాత్రలో, పిల్లలకును పశువులకును అందని చోట నుంచవలెను. కడుపులోఁ బోయినచో ప్రాణాపాయము.

4. పని ముగిసిన పిమ్మట పిచికారి యంత్రమును మంచినీటితోఁ గడుగవలెను.

పైరు పాలిపోయినంతనే ఎరువు కొనక, ఏ యాకు ముందుగాఁ బాలిపోయెనో పరీక్షించిన రైతునకు ధనమును నారును రెండును దక్కును.