అడంగలు నుండి చిట్టాకు: విడి పద్దులను ఖాతా వారీగా కూడుట

మన గ్రామ లెక్కలలో అడంగలు, చిట్టా అని రెండు పుస్తకములు గలవు. అడంగలు సర్వే నెంబర్ల వరుసను నడుచును. విస్తీర్ణమెంత, పైరేమి, శిస్తెంత అని పొలము పొలమునకు ఒక పద్దు. చిట్టా పట్టాదారుల వరుసను నడుచును. ఒక్కొక్క రైతు పేర నున్న పొలములను ఒకచోట చేర్చి, అడుగున మొత్తము వేయుదురు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకము రద్దగు వరకు చిత్తూరు జిల్లా పల్లెలలో ఈ కూడిక కరణముగారి కలము పని.

ఈ మాటల పుట్టుకయు ముచ్చటైనది. అడంగలు తమిళము, ‘ఇమిడినది’ అని అర్థము. శిస్తు కూడిక దగ్గర వినవచ్చు ‘జమ’ అరబ్బీ. ‘ఒకచోట చేర్చుట’ అని అర్థము. బాకీ, వసూలు, ఫసలీ కూడ ఆ దారినే వచ్చినవి. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు కరణము లెక్కలలో సగము పదములు పరిచితములే.

పొలము పిల్ల పద్దు, పట్టాదారు తల్లి పద్దు అనుకొందము. ఒక తల్లికి పిల్లలు పెక్కు. ఒక పిల్లకు తల్లి ఒక్కతే. 1970లో ఎడ్గర్ కాడ్ దత్తాంశములను పట్టికలుగా అమర్చి, ఉమ్మడి సంఖ్యతో కలుపు సిద్ధాంతమును ప్రకటించెను. ఆ పునాదిపై 2010లో ఎక్సెల్‌కు అనుబంధముగా వచ్చిన పవర్ పివట్‌లో ‘డాక్స్’ అను సూత్రభాష వెలువడినది. రెండు పట్టికలకు పట్టా నెంబరుతో సంబంధము కలిపిన పిమ్మట, చిట్టా పట్టికలో ఒక కొత్త నిలువు వరుస తెరచి ఇట్లు వ్రాయవలెను:

సమ్‌ఎక్స్(రిలేటెడ్‌టేబుల్(అడంగలు), అడంగలు[విస్తీర్ణము] * అడంగలు[దరము])

రిలేటెడ్‌టేబుల్ అనునది ఆ పట్టాదారునికి చెందిన పొలములను మాత్రమే ఏరి ఇచ్చును. సమ్‌ఎక్స్ వానిని ఒక్కొక్కటిగా చూచి, గుణించి, పిమ్మట కూడును. ఈ క్రమము తప్పరాదు. ఒక రైతుకు రూపాయల దరమున 2 ఎకరముల మాగాణి, ఎకరమునకు 10 చొప్పున. 3 ఎకరముల మెట్ట, 2 చొప్పున ఉన్నవనుకొనుడు. సరియైన మొత్తము 26 రూపాయలు. 5 ఎకరములను సగటు దరమైన 6తో గుణించినచో 30 వచ్చును. నాలుగు రూపాయలు ఆ రైతుపై అన్యాయముగ పడినట్లే.

కొత్తవారు ఉత్త ‘సమ్’ వ్రాసి చకితులగుదురు. ప్రతి పట్టాదారు ఎదుట ఊరంతటి శిస్తు నిలుచును! తాను ఏ వరుసలో నిలిచి యున్నదో ఆ సూత్రము పాటింపదు. దానిని ‘కాల్క్యులేట్’ లోపల ఉంచినచో, ఆ వరుసయే వడపోతగా మారి లెక్క సరిపడును.

కూడిన పిమ్మట సరిచూచుట మరింత ముఖ్యము. పట్టాదారుల మొత్తముల మొత్తము, అడంగలు మొత్తముతో సరిపోవలెను. పోరంబోకునకు పట్టాదారుడు లేడు; సర్కారు పేర ఒక తల్లి పద్దు కల్పింపనిచో విస్తీర్ణము తగ్గి కనుపించును. ఉమ్మడి పట్టా దీనికి ప్రతికూలము: అన్నదమ్ములిద్దరి ఖాతాలలోను పొలమంతయు వ్రాసినచో ఊరి విస్తీర్ణము పెరుగును. అప్పుడు పొలమునకు, పట్టాదారునికి నడుమ వాటాల పట్టిక మూడవది కావలెను. పొలము లేని ఖాతా ఎదుట డాక్స్ సున్న వేయదు, ఖాళీ విడుచును. అది తప్పు కాదు.

అసలు చిక్కు తల్లి ఎవరో తేల్చుటలో నున్నది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టము వ్యక్తిని గాక కుటుంబమును లెక్కలోనికి తీసికొన్నది. భార్యాభర్తలు, మైనరు బిడ్డలు ఒక యూనిట్. భూమి తరగతిని బట్టి పరిమితి మాగాణికి 10 నుండి 27 ఎకరములు, మెట్టకు 35 నుండి 54 ఎకరములు. అనగా ఇచ్చటను ఉత్త ఎకరముల కూడిక చాలదు, తరగతి వారీ మార్పిడి తరువాతనే కూడిక. పైగా ఒక కుటుంబపు పొలములు చంద్రగిరి వైపు ఒక ఊర కొన్ని, పుంగనూరు వైపు మరొక ఊర కొన్ని ఉండవచ్చును. ఏ కరణము చిట్టాకైనను తన ఊరి పొలిమేరయే పొలిమేర.

పేరును బట్టి కలుపుదమన్నచో మన ప్రాంతమున అది మరింత ప్రమాదము. ఒకే మనిషి ఒక ఊర ‘మస్తాన్ సాహెబు’, మరొక ఊర ‘షేక్ మస్తాన్’ అయి రెండు తల్లి పద్దులగును. ఒకే పేరిటి ఇద్దరు వేర్వేరు రైతులు ఒక్క పద్దులో కలియుదురు. మొదటి దానివలన పెద్ద భూస్వామి చిన్న రైతు జాబితాలో చేరును. రెండవ దానివలన నిజముగ చిన్న రైతైనవాడు ఆ జాబితా నుండి తొలగిపోవును, సహాయము అందదు. కారణము అతనికి ఎవరును చెప్పరు. 2015లో ఆరంభమైన ‘మీ భూమి’ అడంగలును, ఖాతా వారీ 1-బిని ప్రజల ముందుంచినది. కాని ఖాతా నెంబరు ఊరికి ఊరికి మొదటి నుండి మొదలగును గనుక, గ్రామ సంకేతమును ఖాతా నెంబరునకు ముందు చేర్చి ఒక్క తాళపుచెవిగా చేయవలెను. ఆ ఖాతాలపైన కుటుంబ పట్టిక మరియొకటి నిలుపవలెను. పొలములు ఖాతాలోనికి, ఖాతాలు కుటుంబములోనికి, రెండు మెట్లలో కూడిక.