మీ రక్తం ఏ గ్రూపు? కాన్పుకు ముందే తెలుసుకోండి

దంపతులారా! కాన్పు సమయంలో నెత్తురు ఎక్కువగా పోతే తల్లి ప్రాణం నిలిపేది సరిపడే రక్తమే. "ఇంట్లో పదిమందిమి ఉన్నాం, ఎవరో ఒకరం ఇస్తాం లే" అని చాలామంది ధీమాగా ఉంటారు. కాని కొందరికి ఊరంతా కదిలివచ్చినా సరిపడే రక్తం దొరకదు. వారిది 'బాంబే గ్రూపు'.

ఏమిటీ గ్రూపు?

మన ఎర్ర రక్తకణాల మీద 'హెచ్' అనే పదార్థం ఉంటుంది. ఇది ఇంటికి పునాది వంటిది. దీనిమీద 'ఎ' ఏర్పడితే ఎ గ్రూపు, 'బి' ఏర్పడితే బి గ్రూపు, రెండూ ఉంటే ఎబి. ఒట్టి పునాదే ఉంటే ఓ గ్రూపు. ఆ పునాది కూడా లేనివారు బాంబే గ్రూపువారు. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు దీనిని మొదట గుర్తించారు. అందుకే ఆ పేరు. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరిది ఈ గ్రూపని అంచనా.

ప్రమాదం ఎక్కడ?

మామూలు పరీక్షలో ఇది ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. కాని ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే వీరి శరీరం ఆ కణాలను నాశనం చేస్తుంది. ప్రాణానికే ముప్పు. అందుకే బ్లడ్ బ్యాంకులో ఇద్దరి రక్తాన్నీ కలిపి పరీక్షిస్తారు. ఆ పరీక్షకు తొందరపెట్టకండి.

ఎవరికి వస్తుంది?

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే వస్తుంది. ఒక్కటే ఉన్నవారికి పైకి ఏమీ తెలియదు. అలాంటివారిద్దరు దంపతులైతే, ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాలలో ఈ అవకాశం పెరుగుతుంది. ఇది జబ్బు కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మీరేం చేయాలి?

• నెల తప్పగానే ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. గ్రూపు కార్డు మీద రాయించుకోండి.

• ఇంట్లో ఎవరిదైనా బాంబే గ్రూపు అయితే డాక్టరుకు ముందే చెప్పండి. తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. సరిపడే రక్తం వారి దగ్గరే దొరకవచ్చు.

• గర్భిణిది బాంబే గ్రూపు అయితే కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి. రక్తం ఏర్పాటు ముందే చూసుకోవాలి.

• ఐరన్ మాత్రలు మానకండి. కాన్పుకూ కాన్పుకూ మధ్య మూడేళ్ళ ఎడం ఉంచండి. ఒంట్లో రక్తం బాగా ఉంటే, బయటి రక్తం అవసరం తగ్గుతుంది.

వివరాలకు మీ ఆరోగ్య కార్యకర్తను అడగండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.