చక్రముల యింటితో సముద్రతీర యాత్ర



మన గ్రామములలో ననేకుల బిడ్డలు నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. తలిదండ్రులు పోయి కొన్ని మాసములు వారియొద్ద నుండి వచ్చుట పరిపాటి యైనది. అట్లు పోయిన పెద్దలను పిల్లలు వేసవిలో నొక వింతప్రయాణమునకు పిలుతురు. “నాన్నగారూ, ఆర్.వి. అద్దెకు తీసికొని సముద్రపుటొడ్డున నాలుగు దినములు గడిపి వత్తము” అందురు. ఆ ఆర్.వి. యననేమో, ఆ బస యెట్టిదో తెలియక కొందరు పెద్దలు భయపడి మానుకొందురు. మరికొందరు ఏమియు నడుగక యెక్కి కూర్చుండి, పిమ్మట నలతపడుదురు. నేను మా చిన్నకుమారుని కుటుంబముతో ఆరెగాన్ రాష్ట్రపు తీరమున నిట్టి యాత్ర రెండుమారులు చేసినవాడను గావున, దానికి ముందుగా చేసికొనవలసిన యేర్పాట్లను నేడు వివరించెదను.

ఆర్.వి. యనునది రిక్రియేషనల్ వెహికిల్ అను మాటకు సంక్షేపము. వినోదయాత్రకై చేసిన బండి యని భావము. దానిని చక్రముల మీది చిన్నయిల్లని తలచిన చాలును. పడకలు, గ్యాసుపొయ్యి, ఫ్రిజ్జు, నీటితొట్టి, మరుగుదొడ్డి అన్నియు నందులో నిమిడియుండును. ఇందు ముఖ్యముగా రెండు తెగలు కలవు. ఇంజను తనలోనే గల మోటారుయిల్లు ఒకటి. కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రెయిలరు రెండవది. 1910వ సంవత్సరమున పియర్స్-యారో కంపెనీవారు న్యూయార్కు ప్రదర్శనలో నిట్టి బండి నొకదానిని చూపిరి. నాటినుండి యీ వాడుక క్రమముగా పెరిగినది.

ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరిరి. డేరాలు, బోయీలు, పరిజనము, వంటసామగ్రి సర్వమును వెంట గొనిపోయిరి. ఏ మజిలీలో మంచినీరు దొరకునో, ఎచ్చట దిగుటకు వసతి కలదో, ఏ యూర అంగళ్లున్నవో ఆయన తన గ్రంథమున వ్రాసియుంచిరి. వాహనము మారినది గాని ప్రయాణికుని ప్రశ్నలు మారలేదు. దిగుటకు చోటెక్కడ? నీరెట్లు? ప్రాణభయ మెందువలన? ఈ మూటికిని ఇంటియొద్దనే సమాధానము చెప్పుకొన్నవాని యాత్ర సుఖముగా సాగును.

మొదట చోటు సంగతి. స్టేటుపార్కు అనగా రాష్ట్రప్రభుత్వమువారు ప్రజలకొరకై కాపాడుచున్న వనము. మన పట్టణములలోని పూలతోటలను మనస్సున నుంచుకొనరాదు. నేను చూచిన ఫోర్ట్ స్టీవెన్స్ పార్కు, కొలంబియా మహానది పసిఫిక్ సముద్రమున సంగమించు చోట, నాలుగువేల యెకరములకు మించిన నేలలో నున్నది. పోర్ట్‌లాండు నగరమునుండి సుమారు నూరుమైళ్ల దూరము. అడవి, సరస్సు, ఇసుకతీరము మూడును నందే కలవు. బండ్లు నిలుపుకొనుటకు దాదాపు 500 చోట్లున్నవి. ప్రతిచోటికిని సంఖ్య, భోజనపుబల్ల, మంట వేసికొనుటకు కట్టుదిట్టమైన గుంట యుండును.

ఆ స్థలమునకు చరిత్రయు కలదు. అది 1860 ప్రాంతములందలి అంతర్యుద్ధ కాలమున కట్టిన కోట. 1947 వరకు సైన్యము వశమున నుండెను. 1942 జూను 21 రాత్రి జపానువారి జలాంతర్గామి యొకటి యీ కోటపై 17 గుండ్లు ప్రేల్చినది. తమ యునికి శత్రువునకు తెలియరాదని కోటలోనివారు మారు ప్రేల్పక యూరకుండిరి. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. అదే సంవత్సరము ఏప్రిలు 6న జపాను విమానములు మన విశాఖపట్టణము, కాకినాడలమీద బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఒకే యుద్ధపు మంట రెండు సముద్రముల యొడ్డులను సోకినది. అచ్చటి యిసుకలో 1906లో నొడ్డెక్కి చిక్కుకొనిన పీటర్ ఐర్‌డేల్ అను నోడయొక్క యినుపయెముకలు నేటికిని నిలిచియున్నవి.

ఇంతకంటె మనము గమనింపదగిన విషయ మింకొకటి కలదు. ఆ తీరమున నెవడైనను నడువవచ్చును; “ఇది నాది, తొలగుము” అనువాడు లేడు. ఇది తనంతట వచ్చినది కాదు. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ అను గవర్నరు కాలమున, ఆటుపోట్ల నడుమ తడియు నిసుకనేలను ప్రజల రాజమార్గముగా శాసించిరి. కాని పోటు చేరని పొడియిసుక మాట శాసనమున లేదు. 1966లో కానన్ బీచి అను నూర నొక బసగృహపు యజమాని తన యెదుటి పొడియిసుకకు కంచె వేసి పరులను రానీయక పోయెను. ప్రజలు కలతచెందిరి. వాదోపవాదముల పిమ్మట 1967 జూలై 6న గవర్నరు టామ్ మెకాల్ బీచిబిల్లుపై సంతకము చేయగా, పొడియిసుకమీదను జనులకు హక్కు స్థిరపడినది. మన యూళ్లలో చెరువుగట్టును, పశువులమేత బీడును, శ్మశానభూమిని కంచెలు మ్రింగుట చూచిన పెద్దలకు ఈ శాసనముయొక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అందరిదైన చోటికి అందరును వత్తురు గదా! కావున ముందుగా స్థలము నిర్ణయించుకొనవలెను. ఆరెగాన్ పార్కులలో బస చేయదలచిన దినమునకు ఆరుమాసములు ముందుగా చోటు నియమించుకొనవచ్చును. వేసవిలో శని ఆదివారములకు తలుపు తెరచినంతనే చోట్లు నిండిపోవును. అచ్చట వర్షములు ముఖ్యముగా నవంబరు మొదలు మార్చి వరకు కురియును. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాసములు పొడిగా నుండును. పెద్దలకు సెప్టెంబరు మిక్కిలి యనుకూలము. బడులు తెరచుటచే సందడి తగ్గును, వాతావరణము ప్రసన్నముగా నుండును. అనగా మార్చిలోనే పిల్లలతో మాటలాడి చోటు నియమింపజేయవలెను. వేసవి యనిన మన రోహిణికార్తె యెండ కాదు. నడివేసవిలోను చల్లనిగాలి వీచును, ఉదయము మంచు క్రమ్మును. శాలువ, చెవులు మూయు టోపి తప్పవు.

చోటు నియమించునపు డడుగవలసిన ప్రశ్నలు మూడు. బండి పొడవెంత, ఆ చోటి పొడవెంత? విద్యుత్తు, నీరు మాత్రమేనా, మురుగుగొట్టము కూడ కలదా? స్నానశాల యెంత దూరము? మోకాళ్లనొప్పులు గలవారికి మూడవ ప్రశ్న ముఖ్యము. బండిలోని పడకలు ఇరుకు, కొన్నింటికి నిచ్చెనయెక్కవలెను. రాత్రి రెండుమూడుమారులు లేచువారు క్రిందిపడకనే కోరవలెను. అదియు కుదురనిచో పార్కులోనే యుర్ట్ అను గుండ్రని గుడారపు టిండ్లును, కొయ్యయిండ్లును అద్దెకు కలవు. పిల్లలు బండిలోను, పెద్దలు వానిలోను పరుండవచ్చును.

బండి నడచుచుండగా పెద్దలు మంచముపై పరుండి ప్రయాణము చేయవచ్చునని భ్రమపడరాదు. కుర్చీలో కూర్చుండి నడుముపట్టీ కట్టుకొనవలెను. పాత్రలు, సీసాలు, దేవుని పెట్టె గట్టిగా బంధింపవలెను. లేనిచో మొదటి మలుపుననే క్రిందపడును. బండి యెత్తెంతయో కాగితముపై వ్రాసి నడుపువాని యెదుట నంటింపవలెను. తక్కువ యెత్తు వంతెనల క్రింద అది ప్రాణములు కాపాడును.

ఇక నీటి సంగతి. ఈ యింటిక్రింద మూడుతొట్లుండును. మంచినీరొకదానిలోను, స్నానము చేసిన, గిన్నెలు కడిగిన నీరు రెండవదానిలోను, మరుగుదొడ్డి నీరు మూడవదానిలోను చేరును. మధ్యతరగతి బండిలో మంచినీటితొట్టి సుమారు 150 లీటర్లు పట్టును. ఐదుగురు రెండుదినములు వాడినచో దినమునకు మనిషికి 15 లీటర్లు మాత్రమే. పార్కు కొళాయికి గొట్టము తగిలించినయెడల మంచినీటికి కొదువ లేదు గాని, మురుగుగొట్టము లేనిచోట వాడిన నీరు నిండుటకు రెండుదినములైన పట్టదు. ఇందు మన పాతయలవాటే మేలు. బకెట్టులో నీరు పట్టుకొని చెంబుతో స్నానము చేయుట, గిన్నెలు తుడిచి పిమ్మట కడుగుట నేర్చినవాని కే చిక్కును లేదు. పార్కు స్నానశాల నుపయోగించుకొన్నచో మరింత సుఖము.

మురుగును అందుకై కట్టిన చోటనే విడువవలెను. మొదట మరుగుదొడ్డి తొట్టిని, తరువాత స్నానపునీటి తొట్టిని ఖాళీచేయుదురు. రెండవనీటితో గొట్టము శుభ్రపడును. మంచినీటిగొట్టము వేరు, మురుగుగొట్టము వేరు. ఒకదాని నొకటి తాకకూడదు. శౌచవిషయమున మన పెద్దలకు గల పట్టుదల యిక్కడ పనికివచ్చును. ఒకరు దిగి పోయిన చోట మఱునాడు మరియొకరు దిగుదురు. మనము పోవునపుడు ఆ నేల మనము వచ్చినప్పటికంటె శుభ్రముగా నుండవలెను.

విద్యుత్తు విషయమున నొక్కమాట. అచ్చట 120 వోల్టులు. మన యిండ్లలోని 230 వోల్టుల మిక్సీ అచ్చట పనిచేయదు. సామాన్యమైన బండికి 30 ఆంపియర్ల విద్యుత్తు వచ్చును. అనగా మొత్తము 3600 వాట్లు. చల్లగాలి యంత్రము, విద్యుత్పొయ్యి, నీళ్లు కాచు పాత్ర ఒక్కమారు వేసినచో మీట పడిపోవును. ఒకటి యైన పిమ్మట ఒకటి వాడుకొనవలెను.

వంట సంగతి పెద్దమ్మలు వినదగినది. మిరపకాయల పోపు ఆ చిన్నయింటిలో వేసినచో పొగను గుర్తించు గంట మోగి యిరుగుపొరుగువారు మేల్కొందురు. పోపులు, వేపుళ్లు బయట బల్లమీద పొయ్యి పెట్టి చేసికొనుట యుత్తమము. పులిహోర, చపాతీలు, పొడులు, ఊరగాయలు ఇంటియొద్దనే సిద్ధపరచుకొనిపోయిన సగము శ్రమ తగ్గును. వంటచెరకు మాత్రము ఇంటినుండి కొనిపోరాదు. కట్టెలలో దాగిన పురుగు ఒక యడవినుండి వేరొక యడవికి ప్రాకి వృక్షములను నశింపజేయును. యాష్ వృక్షములను చంపు నట్టి పురుగు 2022లో ఆరెగాన్‌లో కనబడినది. కట్టెలు అచ్చటనే కొని అచ్చటనే కాల్చవలెను. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట సద్దు చేయరాదు. మన భజనలైనను సాయంకాలముననే ముగింపవలెను. జూను మాసమున రాత్రి తొమ్మిదిగంటలకు గాని ప్రొద్దు క్రుంకదు గావున, సాయంసంధ్య చేసికొనువారు గడియారము చూడక సూర్యుని చూడవలెను.

కట్టకడపటిదియు, ముఖ్యమైనదియు సముద్రము. మన తీరమున సూర్యుడు సముద్రమునుండి లేచును. అచ్చట సముద్రమున క్రుంకును. ఆ శోభ చూచుటకే జనులు చేరుదురు. కాని ఆ నీరు వేసవిలోను మిక్కిలి చల్లన. అందు మునిగినవాని చేతులు కాళ్లు కొద్దిసేపటిలోనే స్వాధీనము తప్పును. సముద్రస్నానమునకు దిగవలదు, పాదములు తడుపుకొని ప్రోక్షణ చేసికొనిన చాలును. చిన్నయలలు పెక్కు వచ్చిన పిమ్మట హఠాత్తుగా నొక పెద్దయల చాలదూరము పైకి ప్రాకుట కలదు. ఒడ్డున పడియున్న మహావృక్షముల దుంగలను అది యవలీలగా దొర్లించును. ఆ దుంగలపై మనుమలను కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీయుట ప్రమాదము. సముద్రమునకు వీపు త్రిప్పి నిలువరాదని అచ్చటివారి నిత్యోపదేశము.

ఆటుపోట్ల పట్టిక ముందుగా చూచుకొనవలెను. దినమునకు రెండుపోట్లు, రెండుపాట్లు. మఱునాడు అవి సుమారు 50 నిమిషములు, అనగా మన లెక్కకు రెండుఘడియలు ఆలస్యమగును. పౌర్ణమి, అమావాస్యలకు పోటు అధికము. ఇది మన బెస్తవారికిని, పంచాంగము చూచువారికిని తెలిసినదే. పాటు దిగునపుడు కొండచరియల మొదళ్లకు పోయి, పోటు మరలక ముందే తిరిగి రావలెను.

భూకంపపు భయము కూడ నా తీరమునకు కలదు. 1700 జనవరి 26న అచ్చట గొప్ప భూకంపము పుట్టి, దాని యుప్పెన పసిఫిక్ సముద్రమును దాటి జపాను చేరినది. మనకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెనయు, 2004 డిసెంబరు 26 నాటి సునామీయు మరపురానివి. తుపాను ముందుగా కబురు పంపును. భూకంపమువలన పుట్టు నుప్పెనకు భూమి కంపించుటయే కబురు. నేల చాలసేపు కదలినచో గంటకై, ఆజ్ఞకై, బండికై వేచియుండక కాలినడకను మెట్టకు పోవలెను. ఆ దారి చూపు పలకలు పార్కులో నున్నవి. దిగిన మొదటిదినముననే ఆ దారిని పిల్లలతో కలసి ఒక్కమారు నడచి చూచుకొనవలెను.

నిత్యము వాడు మందులు రెండువారములకు సరిపడ వెంటనుండవలెను. రోగముల పేరులు, మందుల పేరులు ఇంగ్లీషున వ్రాసిన కాగితము జేబులో నుండవలెను. సమీపమున ఆస్టోరియా పట్టణమున నాసుపత్రి కలదు. భారతదేశమునుండి పోవునపుడే వైద్యభీమా తీసికొనుట మరువరాదు.

ఇన్ని జాగ్రత్తలు విని యీ యాత్ర మనకేల యనుకొనవలదు. పెండ్లికి పందిరి వేయుటలో నిన్ని పనులు లేవా? దినమంతయు యంత్రములముందు కూర్చుండు కొడుకును, ఇంగ్లీషుబడిలో చదువు మనుమరాలును నాలుగుదినములు ఒక్కపెట్టెలో, ఒక్కబల్లవద్ద మన కందుబాటులో నుందురు. రాత్రి నక్షత్రముల క్రింద సప్తర్షులను చూపి అరుంధతి కథ చెప్పినచో విందురు. ఆ నాలుగుదినములకై నాలుగు ప్రశ్నలు ముందుగా నడుగుట పెద్దల ధర్మము. చోటు నియమించితిరా? నీరు, మురుగు సంగతి చూచితిరా? పోటువేళ తెలిసికొంటిరా? మెట్టకు దారి యెటు? వీనికి పిల్లలు సరియైన సమాధానము చెప్పిననాడు నిశ్చింతగా బండి యెక్కవచ్చును.