పసుపు గీతకు కొలత ఎక్కడి నుంచి?

రేణిగుంట, తిరుపతి మధ్య రైల్వే వాళ్ల క్యారేజ్ రిపేర్ షాప్ ఉంది. ఏళ్ల తరబడి తిరిగిన కోచ్‌లు మరమ్మతుకు చేరేది అక్కడికే. అలాంటి షెడ్డులో మనుషులు నడిచే దారికి పసుపు గీత కొట్టాలంటే, రంగు డబ్బా తెరిచే ముందే కొలత తేలాలి.

బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ రకం కోచ్ వెడల్పు సుమారు 3,240. తీసివేసి సగం చేస్తే 782. అంటే పట్టా లోపలి అంచు నుంచి చూస్తే కోచ్ గోడ ముప్పాతిక మీటరుకు పైనే ఇవతలికి వస్తుంది. ఆ అంచు నుంచి మీటరు దూరంలో గీత కొట్టారనుకోండి. ఖాళీ షెడ్డులో చోటు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కోచ్ వచ్చి నిలిచాక గోడకూ గీతకూ మధ్య మిగిలేది 22 సెంటీమీటర్లే. గీత వెంబడి నడిచే మనిషి భుజం కోచ్‌కు రాసుకుంటుంది. అందుకే కొలత పట్టా నుంచి కాదు, కోచ్ గోడ నుంచి తీయాలి. పక్కన నిచ్చెనో పనిబల్లో ఉంటే దాని అంచు నుంచి.

దారి ఎంత వెడల్పుండాలి? అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1972లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ పనికొస్తుంది: కనీసం 4 అడుగులు, లేదా అక్కడ తిరిగే అతి పెద్ద వాహనం కంటే 3 అడుగులు ఎక్కువ. గీత మందం 2 నుంచి 6 అంగుళాలు. నా మాట అడిగితే, నూనె మరకలు పడే షెడ్డులో 2 అంగుళాల గీత చాలదు, 4 అయినా ఉండాలి.

ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోట గీత ఒక్కటే సరిపోదు. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 2.8 మీటర్లు. డ్రైవర్ మనిషిని చూసి బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను పట్టినా, బండి అప్పటికే అంత దూరం వచ్చేసి ఉంటుంది. పైగా ముందున్న సరుకు చూపుకు అడ్డం. మలుపుల దగ్గర ఇనుప రెయిలింగ్ పెట్టి తీరాలి.

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ నడకదారుల్లో అడ్డంకులు, కాలు జారే పదార్థాలు ఉండకూడదని చెప్పింది. రేణిగుంట చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ యూనిట్లలోనైనా చూడాల్సింది ఇదే. లారీ నుంచి దించిన పెట్టెలు ఒక్క షిఫ్టు గీతల మధ్య ఉండిపోతే, ఆ షిఫ్టంతా మనుషులు నడిచేది ఫోర్క్‌లిఫ్ట్ దారిలోనే.