సంస్కర్తల చేతిలో అధికారము

అధికారము నెదిరించుట కష్టము. ఎదిరించి గెలిచిన పిదప ఆ యధికారమే తన చేతికి వచ్చినపుడు దానిని అదుపులో నుంచుకొనుట అంతకంటెను కష్టము. పదునాఱవ శతాబ్దమున యూరపు ఖండమున నడచిన క్రైస్తవ మతసంస్కరణోద్యమము మొదటి సత్యమునకు గొప్ప యుదాహరణమని లోకమెల్ల నెఱుగును. రెండవ సత్యమునకును అదియే యుదాహరణమని చెప్పువారు మాత్రము తక్కువ. ఈ రెండవ భాగమును విస్మరించినచో ఆ చరిత్ర నేర్పు పాఠము సగమే మనకు దక్కునని మా యభిప్రాయము.

రోమునగరమున సెయింటు పీటరు దేవాలయ నిర్మాణమునకు ధనము గావలసియుండెను. ఆ ధనముకొఱకు పాపశిక్షనుండి విముక్తి నొసగునట్టి పత్రములు జర్మను దేశమున సంతసరకువలె విక్రయింపబడుచుండెను. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మార్టిన్ లూథరు 1517 అక్టోబరు 31వ తేదీన ఈ విక్రయమును ఖండించుచు 95 వాదములను ప్రకటించెను. 1521 జనవరిలో పోపు ఆయనను సంఘమునుండి వెలివేసెను. ఆ యేప్రిలులో వర్ముసు నగరమున చక్రవర్తియైన అయిదవ చార్లెసు సమక్షమున లూథరును నిలిపి, వ్రాసిన వ్రాతలను ఉపసంహరించుకొందువా యని యడిగిరి. ఆయన ఒక దినము గడువు వేడి, మఱునాడు నిరాకరించెను. గ్రంథప్రమాణము చేతగాని, స్పష్టమైన యుక్తిచేతగాని తన తప్పు చూపబడిననే తప్ప అంతరాత్మకు విరుద్ధముగా నడువజాలనని యాయన తాత్పర్యము. సాక్సనీ ప్రభువు ఫ్రెడరికు ఆయనను వార్ట్‌బర్గు కోటలో దాచెను. అచటనే లూథరు క్రొత్తనిబంధనను ప్రజల భాషలోనికి మార్చెను. 1522 సెప్టెంబరులో అది యచ్చయ్యెను. పురోహితుల లాటిను తాళమునకు సామాన్యుని జర్మను భాష తాళపుచెవి యయ్యెను.

ఇంతవఱకు కథ వీరగాథయే. అయితే సంస్కర్తలకు ప్రభువుల రక్షణము లభించిన పిదప ఏమి జరిగెను? 1525లో జర్మను కృషీవలులు తమ దైన్యమును బాపుకొన తిరుగబడగా, వారిని నిర్దాక్షిణ్యముగా నణచుడని ప్రభువులకు ప్రబోధించినవాడు ఆ లూథరే. 1527 జనవరిలో, సంస్కర్తయగు జ్వింగ్లీ పలుకుబడి చెల్లుచున్న జూరిచ్ నగరమున, ఫెలిక్సు మంజు అను యువకుని లిమ్మాటు నదిలో ముంచి చంపిరి. శిశువులకు గాక, విశ్వాసము నెఱిగిన పెద్దవారికే బాప్తిస్మము తగునని యాతడు బోధించుటయే యాతని యపరాధము. గ్రంథమును తామే చదివి అర్థము చేసికొనుడని ప్రజలకు చెప్పినవారు, ఆ ప్రజలలో నొకడు చదివి వేఱర్థము చెప్పగా సహింపలేకపోయిరి.

ఈ విషాదము పరాకాష్ఠ నందినది జినీవా నగరమున. అచటి సంస్కర్త జాన్ కాల్విను ఫ్రాన్సు దేశమునుండి మతపీడనకు వెఱచి వచ్చిన కాందిశీకుడు. మైఖేల్ సెర్విటసు స్పెయిను దేశీయుడు, వైద్యుడు. దేవుని త్రిత్వసిద్ధాంతమును, శిశు బాప్తిస్మమును ఆయన నిరాకరించెను. 1553లో ఆయన రహస్యముగా నచ్చొత్తించిన మహాగ్రంథమున, రక్తము హృదయమునుండి ఊపిరితిత్తులకు పోయి మరల వచ్చు విధము సయితము వర్ణింపబడియున్నది. ఫ్రాన్సులోని వియన్ పట్టణమున క్యాథలిక్కు అధికారులు ఆయనను పట్టుకొనిరి. ఆయన కాల్వినునకు వ్రాసిన లేఖలే జినీవానుండి వారికి సాక్ష్యముగా నందినవి! ఆయన చెఱనుండి తప్పించుకొనగా, వారు ఆయన బొమ్మను దగ్ధము చేసి తృప్తిపడిరి. ఆగస్టు 13వ తేదీన జినీవాలో ఆయన గుర్తింపబడి మరల బంధింపబడెను. అభియోగమును దాఖలు చేసినవాడు కాల్విను కార్యదర్శి. నగరసభలో నాడు కాల్వినునకు విరోధులును గలరు. అయినను ఈ విషయమున ఆ సభ వెనుదీయలేదు. ఖడ్గముతో శిరచ్ఛేదము చేయుడని కాల్విను కోరెననియు, సభ అంగీకరింపలేదనియు చెప్పుట న్యాయము. 1553 అక్టోబరు 27వ తేదీన షాంపెల్ అను చోట సెర్విటసును సజీవదహనము చేసిరి. రోము మతస్థులు బొమ్మకు జేసిన పనిని రోమును ధిక్కరించినవారు మనిషికి జేసిరి.

"అది కాలధర్మము, ఆ యుగమున అందఱును అట్లే తలచిరి" అని కొందఱు సమాధానము చెప్పుదురు. అందఱును అట్లు తలచలేదు. బాజెలు నగరమున సెబాస్టియన్ కాస్టెలియో అను పండితుడొకడు అట్లు తలచలేదు. ఆయన ఒకప్పుడు జినీవా పాఠశాలకు అధిపతి. పరమగీతమును గూర్చిన అభిప్రాయభేదము మొదలగువానివలన మతబోధకత్వము దక్కక, 1544లో ఆ నగరమును వీడెను. బాజెలులో ముద్రణాలయమున అచ్చుతప్పులు దిద్దుచు, రైను నది వఱదలో కొట్టుకొని వచ్చు కట్టెలను కొంకితో లాగి వంటచెఱకుగా వాడుకొనుచు సంసారమీడ్చెను. ఆ కట్టెలను దొంగతనమని కూడ ప్రత్యర్థులు నిందించిరి! 1553లో అచట గ్రీకుభాషాచార్యుడయ్యెను. మఱుసటి యేడే, పాషండులను శిక్షింపవచ్చునా యను ప్రశ్నను శీర్షికగా నుంచి, మాఱుపేరుతో ఒక గ్రంథమును వెలువరించెను. అందు ప్రాచీన క్రైస్తవాచార్యుల వాక్యములతో పాటు లూథరు వాక్యములను, కాల్వినే పూర్వము వ్రాసిన వాక్యములను గూడ చేర్చెను. నిరాయుధులై యున్ననాడు మీరేమనిరో, సాయుధులైన నేడు వినుడని చెప్పుటకు ఇంతకంటె సాధువైన మార్గమున్నదా?

కాస్టెలియో వాదము సూక్ష్మమైనది, సరళమైనది. ఒక పట్టణమున పరమభక్తుడైనవాడు పొరుగు పట్టణమున పాషండుడగుచున్నాడు. కనుక ఆ పదము మన యసమ్మతిని దెలుపునే గాని యెదుటివాని దోషమును దెలుపదు. దొంగను, హంతకుని శిక్షించు ఖడ్గము అధికారికి గలదు. అయితే నమ్మకమును గూర్చిన వివాదమున వ్రాతకు వ్రాతయే, వాదమునకు వాదమే యుత్తరము. కాల్విను స్వపక్షసమర్థనముగా వెలువరించిన గ్రంథమునకు కాస్టెలియో వ్రాసిన ఖండనము ఆయన జీవితకాలమున వెలుగు చూడలేదు. హాలెండులో 1612లో గాని అచ్చు గాలేదు. 1563 డిసెంబరులో, నలుబదియెనిమిదేండ్ల వయసున, విచారణకు గుఱికావలసియున్న సమయముననే ఆయన మరణించెను. 1903లో షాంపెల్‌లో కాల్విను అనుయాయులే ప్రాయశ్చిత్తస్మారకముగా శిలను నిలిపిరి. చితికిని శిలకును నడుమ మూడువందల యేబదియేండ్లు గడచినవి.

సంస్కర్తలు దుర్మార్గులగుటచే ఇది జరిగినదని మేము చెప్పము. లూథరు ధైర్యమును, కాల్విను పాండిత్యమును ఎవరును కాదనజాలరు. మతము రాజ్యముతో ముడివడినపుడు మతభేదము రాజద్రోహమగును. ఆ ముడిని విప్పక, దానిని పట్టిన చేతిని మాత్రమే వారు మార్చిరి. రోము చేతిలోని కొరడా జినీవా చేతిలోనికి వచ్చినది; వీపునకు మాత్రము దెబ్బ దెబ్బయే.

ఈ ప్రాచీనకథ మనకేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పరాధికారమును ఎదిరించి స్వాతంత్ర్యమును సంపాదించిన జాతి మనది. మన రాజ్యాంగపు 25వ అధికరణము అంతరాత్మ స్వాతంత్ర్యమును వ్యక్తులందఱకును సమానముగా నొసగినది. అధికసంఖ్యాకులకు దానివలన గలుగు లాభము స్వల్పము; వారికి సంఖ్యయే కవచము. ఒంటరివానికి, మన చెవికి కటువుగా వినబడు మాట పలుకువానికి అది ప్రాణము. ఏ మతమువారైనను, ఏ పక్షమువారైనను, పీడితులై యున్నపుడు స్వేచ్ఛను కోరుట సహజము. అందు గొప్పతనమేమియు లేదు. బలము చేజిక్కిన మఱునాడు ప్రత్యర్థి నోటిని మూయక విడుచువాడే స్వేచ్ఛను నిజముగా కోరినవాడు. జాతినిగాని, మతమునుగాని, పక్షమునుగాని కొలుచుటకు ఇంతకంటె మేలైన కొలబద్ద మాకు కానరాదు.