చదివింపుల పుస్తకం

మా మామ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అట్ట నాలుగు మూలలా పసుపు పూసి, లోపల మొదటి పేజీలో శ్రీరామ చుట్టి మొదలుపెట్టిన పుస్తకం. చంద్రగిరి అవతల మా పల్లెలో ఆయన కూతురి పెండ్లికి ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, రూపాయలతో సహా అందులో రాసి ఉంది. ఈరోజుకీ ఎవరింటి నుంచి పెండ్లి పత్రిక వచ్చినా, ముహూర్తం చూడకముందే ఆయన ఆ పుస్తకం తీస్తాడు. వేలితో పేర్లు వెదుకుతాడు. దొరికితే దానికి నాలుగు కలిపి జేబులో పెట్టుకుని బయలుదేరతాడు. "మనం పోకుంటే మనింటికి ఎవురొస్తారు రా అబ్బోడా?" అన్నది ఆయన అర్థశాస్త్రం.

తెలుగులో బ్లాగు రాసేవాడికి పాఠకులు ఎక్కడినుంచి వస్తారో నాకు ఆ పుస్తకం చూశాకే తెలిసింది. చదివించడం అనే మాటకున్న రెండు అర్థాలూ అక్కడే కలిశాయి.

2007లో తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర నెట్ సెంటర్లు వరసగా ఉండేవి. చెక్క అరలు, అరకొక పరదా, గంట లెక్క. అట్లాంటి ఒక అరలో కూర్చుని నేను బ్లాగు తెరిచాను. మొదటి టపా బంగారుపాళ్యం మార్కెట్లో తోతాపురి మామిడి ధర గురించి. మూడు వారాల తర్వాత లెక్క చూస్తే పదకొండు సార్లు తెరిచినట్టుంది. అందులో తొమ్మిది నావే. మిగతా రెండిట్లో ఒకటి నెట్ సెంటర్ అబ్బాయిది; "ఏం నా, రోజూ అదే పేజీ తెరుస్తావుండావు, ఏముండాది దాంట్లో?" అని చూశాడంతే.

అప్పటికి తెలుగు రాయడమే పెద్ద పని. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో తొంభైల మొదట్లో తెలుగువాళ్లు తయారు చేసుకున్న ఆర్‌టీఎస్ పద్ధతి ఒకటుండేది. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు వచ్చే ఏర్పాటు. ఆ దారిలోనే 2006లో వీవెన్ అనే ఆయన 'లేఖిని' పెట్టాడు. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు వచ్చేది. దాన్ని కాపీ చేసి బ్లాగులో అతికించుకోవడమే. ఫాంటు దించుకోవాలి, కీబోర్డు నేర్చుకోవాలి అన్న భయం పోయింది. ఆ రోజుల్లో రాయడం మొదలుపెట్టిన చాలామందికి లేఖినే పలక.

రాయడం వచ్చింది, చదివేవాళ్లు? దానికీ వీవెనే ఇంకొకటి కట్టాడు, 'కూడలి'. పేరుకు తగ్గట్టే నాలుగు రోడ్లు కలిసే చోటు. ఎవరు ఎక్కడ కొత్త టపా వేసినా దాని శీర్షిక, మొదటి నాలుగు వరసలు అక్కడ కనిపించేవి. కొత్తది పైకి, పాతది కిందికి. పొద్దున వేసిన టపా మధ్యాహ్నానికి కిందికి జారిపోయేది. అందుకని తెలివైనవాళ్లు అమెరికాలో తెల్లారే వేళ చూసుకుని టపా వేసేవాళ్లు. ఇక్కడ రాత్రి భోజనాల వేళయ్యేది, అక్కడ ఆఫీసులో కాఫీ వేళయ్యేది. ఆనాటి బ్లాగరులు చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లు, సగం మంది ఊరికి దూరంగా ఉన్నవాళ్లు. ఊరి మాట కోసం మొహం వాచి ఉన్నవాళ్లు.

కూడలిలో టపాల పేజీ కన్నా నాకు వ్యాఖ్యల పేజీ మీద కన్నుండేది. ఎవరు ఎవరి బ్లాగులో ఏమన్నారో అంతా అక్కడ వరసగా వచ్చేది. అసలు కిటుకు అందులోనే ఉంది. మనం ఒకరి టపా కింద రెండు మాటలు రాస్తే, మన పేరు మీద నొక్కితే మన బ్లాగుకు దారి. ఆ రెండు మాటలు బాగుంటే 'ఎవరీయన?' అని నలుగురు వచ్చి చూసేవాళ్లు. 'బాగుంది, నా బ్లాగు కూడా చూడండి' అని రాసేవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్లు పెండ్లికి వచ్చి, చదివించకుండా, తమ ఇంటి పత్రికలు పంచి, భోజనం చేసి పోయే రకం. వాళ్ల గడప ఎవరూ తొక్కలేదు.

నా పదకొండు లెక్క చూసుకున్న ఆ వారం నేను కూర్చుని ఇరవై బ్లాగులు చదివాను. అభిప్రాయం ఉన్నచోటే రాశాను. రాజమండ్రి ఆవిడ ఆవకాయ మీద రాస్తే, మా జిల్లాలో రసం ఫ్యాక్టరీకి పోయే తోతాపురిని పచ్చిగా ఉప్పూ కారంతో ఎట్లా తింటారో చెప్పాను. ఆమె వచ్చింది. ఆమె వెంట ఇంకో ముగ్గురు. నెల తిరిగేసరికి నా మామిడి టపా కింద పదిహేడు వ్యాఖ్యలు. అందులో బెంగళూరు నుంచి ఒక పలమనేరు ఆయన, "నా, 'బిన్నా రా' అన్న మాట విని ఎన్నేండ్లయిందో" అని రాశాడు. మామిడి ధర ఆయనకు అక్కర్లేదు. తొందరగా రా అనే ఆ మా వైపు మాట కావాలి. అప్పటినుంచి నేను పుస్తకాల తెలుగు మాని మా ఇంటి తెలుగు రాయడం మొదలుపెట్టాను.

ఇది కొత్త విద్యేం కాదు. ఇంటర్నెట్ లేని రోజుల్లో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా, మిట్టూరోడి కథలు చదివిన జనం చిత్తూరు యాసను నెత్తిన పెట్టుకున్నారు. ఆయన తన పుస్తకాలు తానే టామ్ సాయర్ పేరుతో అచ్చేసుకున్నాడు, బడులకు పోయి పిల్లల ముందు నిలబడి మాట్లాడాడు. పాఠకుడు వచ్చేదాకా కూర్చోకుండా తానే వాకిట్లోకి పోవడం మా జిల్లాకు అప్పటికే తెలుసు.

మా జిల్లా నుంచే ఇంకొకరి పేరు చెప్పకుండా ఈ కథ నడవదు. యలమంద ఊరివాడు కత్తి మహేశ్. టీవీల్లో చూసినవాళ్లకు ఆయన సినిమా విమర్శకుడు, 2017లో బిగ్‌బాస్ మొదటి సీజన్లో పాల్గొన్న మనిషి. అంతకు చాలా ముందే బ్లాగు లోకానికి ఆయన 'పర్ణశాల' కత్తి మహేశ్ కుమార్. కులం, దేవుడు, ఆడామగా సంబంధాలు, సినిమా; పదిమంది పక్కకు తప్పుకునే చోటికల్లా పోయి రాసేవాడు. తన టపా కింద వాదించేవాడు, ఇతరుల టపాల కింద కూడా వాదించేవాడు. 'నవతరంగం' అనే వెబ్ పత్రికలో సినిమాల గురించి రాసేవాడు. ఆయనతో ఏకీభవించినవాళ్ల కన్నా తిట్టడానికి వచ్చినవాళ్లు ఎక్కువగా చదివారని నా అనుమానం. 'అజ్ఞాత' అన్న పేరుతో వచ్చి తిట్టిపోయే జాతి ఒకటి అప్పట్లో తెలుగు బ్లాగుల్లో బాగా పెరిగింది. వాళ్ల ధాటికి కొందరు ఆడవాళ్లు బ్లాగులే మూసుకున్నారు.

తగువు పాఠకులను తెస్తుంది, నిజం. అయితే అది కందువడ్డీ అప్పు. మహేశ్ బ్లాగు నుంచి ఫేస్‌బుక్‌కు, అక్కడినుంచి టీవీకి పోయాడు. జనం పెరిగారు, మాట పదునూ పెరిగింది. ఒక టీవీ చర్చలో అన్న మాటల మీద గొడవై 2018 జులైలో హైదరాబాద్ పోలీసులు ఆయన్ను ఆరు నెలలు నగరం నుంచి బహిష్కరించి సొంత జిల్లాకు పంపారు. 2021 జూన్‌లో నెల్లూరు జిల్లాలో కారు ప్రమాదం, జులై 10న చెన్నై ఆసుపత్రిలో మరణం. ఆ రోజు ఫేస్‌బుక్‌లో సంతోషించినవాళ్లను చూసి నాకు కడుపులో తిప్పింది. పాత బ్లాగు స్నేహితులు మాత్రం పర్ణశాల టపాలు వెదికి తీసి పంచుకున్నారు. వాళ్లలో ఆయనతో నెలల తరబడి కొట్లాడినవాళ్లున్నారు.

బ్లాగరులు తెరల వెనకే ఉండిపోలేదు కూడా. హైదరాబాద్‌లో కృష్ణకాంత్ పార్కులో కలిసేవాళ్లు. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవం చేసుకున్నారు. పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంస్థ స్టాలు పెట్టి, వచ్చినవాళ్లకు కంప్యూటర్లో తెలుగు రాయడం చూపించారు. తిరుపతికీ ఆ గాలి తగిలింది. 2012 డిసెంబరులో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. 2015 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా పదకొండో వార్షికోత్సవమూ తిరుపతిలోనే. ఏళ్ల తరబడి వ్యాఖ్యల్లో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటుంటే వచ్చే చనువు వేరు. ఆ తర్వాత ఆయన టపా వేస్తే చదవకుండా ఉండలేం.

ఈలోగా బ్లాగుల ఊరు ఖాళీ అయింది. బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది, మరుసటి ఏడాది ఆర్కుట్. అందరూ ఫేస్‌బుక్‌కు మకాం మార్చారు. మొదట్లో అక్కడ బ్లాగు లింకు పెడితే జనం వచ్చేవాళ్లు. పోనుపోను లింకు పెట్టిన పోస్టు ఎవరికీ కనబడకుండా పోవడం మొదలైంది. తన ఇంట్లోకి వచ్చినవాణ్ని పక్కింటికి పంపడం ఏ కొట్టువాడికి ఇష్టం? 2018 జనవరిలో పేజీలను తగ్గించి స్నేహితుల మాటలు ఎక్కువ చూపిస్తామని ఫేస్‌బుక్ బాహాటంగానే చెప్పింది. దాంతో 'లింకు మొదటి కామెంటులో' అనే దొంగచాటు పద్ధతి పుట్టింది. నేనూ చేశాను. పెద్దగా ఒరిగిందేం లేదు. వంద లైకుల్లో లింకు దాకా పోయింది ఆరుగురు. లైకు అంటే పందిరి గుమ్మం దగ్గర చెయ్యూపి పోవడం. పుస్తకంలోకి ఎక్కదు.

తిరుపతిలో ఉండి జనాన్ని రాబట్టడానికి ఇంకో అడ్డదారి ఉంది, వేంకటేశ్వరుడు. మూడు వందల రూపాయల దర్శనం టిక్కెట్లు ఎప్పుడు వదులుతారు, గదులు దొరుకుతాయా, అలిపిరి మెట్ల దారి ఎన్నింటికి తెరుస్తారు. ఇవి రాస్తే చాలు, లెక్క వేలల్లో తిరుగుతుంది. నిజాయితీగా రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల వల్ల యాత్రికులకు మేలే. దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. నేనొకసారి దర్శనం వేళల టపా వేశాను. నా బ్లాగు చరిత్రలో అంత జనం ఎప్పుడూ రాలేదు. ఒక్కరు కూడా రెండో టపా తెరవలేదు. బస్టాండులో జనాన్ని చూసి మన ఇంటి చుట్టాలనుకోకూడదు.

తిరుపతి గంగమ్మ జాతర మీద రాసిన టపా సంగతి వేరు. చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటకూడదంటారు. బతుకుదెరువుకు ఎప్పుడో దాటేసినవాళ్లు చెన్నైలో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని జాతర వేషాల వరస రాసి, చిన్నప్పుడు బండ వేషం వేసి బూతులు తిడుతూ వీధులు తిరిగింది రాశాను. దాన్ని కొత్తగా ఎక్కడ పెట్టాలో వెదకలేదు. అప్పటిదాకా నేను చదివిన, మాట్లాడిన పాతిక ముప్పై మందికి ఒక్కొక్కరికి విడిగా పంపాను, ఎందుకు పంపుతున్నానో ఒక వాక్యం రాసి. వాళ్లు తమవాళ్లకు పంపారు. రెండు నెలలు వ్యాఖ్యలు వస్తూనే ఉన్నాయి. తాతయ్యగుంట వీధిలో పుట్టినవాళ్లు, వేషం వేసి తన్నులు తిన్నవాళ్లు.

ఆ మరుసటి ఏడాది అదే టపా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నాకే వచ్చింది. కింద నా పేరు లేదు, వేరే ఎవరి పేరో ఉంది. "ఎంత బాగా రాసినాడో చూడు రా" అని పంపింది మా మామే. నేను రాసిందే మామా అంటే నమ్మలేదు. బ్లాగు తెరిచి తేదీ చూపించాను. ఆయన కాసేపు చూసి, "అంటే నువ్వు చదివిస్తే మైకులో ఇంకోడి పేరు చెప్పినారు" అన్నాడు.

మొన్న సంక్రాంతికి నేనూ నా పుస్తకం తీశాను. పాత వ్యాఖ్యలన్నీ ముందు నుంచి చదువుతూ, నా దగ్గరికి వచ్చి నేను తిరిగి పోనివాళ్ల పేర్లు కాగితం మీద రాసుకున్నాను. పద్నాలుగు తేలాయి. ఆరు బ్లాగులు అసలు లేవు. మిగిలినవాటిలో ఒకటి పలమనేరు ఆయనది. చివరి టపా 2012, వాళ్ల నాయన చేలో వేరుశనగ పీకుతున్న రోజు గురించి. కింద ఒక్క వ్యాఖ్య లేదు. మొత్తం చదివి, మా చేలో ఆ పని ఎట్లా చేసేవాళ్లమో పది వరసలు రాసి నొక్కాను. బ్లాగరి చూసి ఒప్పుకున్నాక మీ వ్యాఖ్య కనిపిస్తుంది అని వచ్చింది. రోజూ ఒకసారి పోయి చూస్తున్నాను.