విడిగా ఉంచుదాం, వెలివేయొద్దు

అరణ్యంలో ఇశ్రాయేలీయుల ప్రయాణం ఒకసారి ఏడు రోజులపాటు ఆగిపోయింది. శత్రువులు ఎదురై కాదు, దారి తప్పీ కాదు. మోషే అక్క మిర్యాముకు కుష్ఠు సోకింది. ఆమె ఏడు రోజులు పాళెము వెలుపల ఉండవలసి వచ్చింది. అయితే జనం ఆమెను అక్కడే వదిలేసి ముందుకు సాగిపోలేదు. ఆమె తిరిగి లోపలికి వచ్చేదాకా గుడారాలు ఎత్తలేదని సంఖ్యాకాండము 12వ అధ్యాయం చెబుతోంది. ఒక్క మనిషి ఏకాంతవాసం కోసం ఒక జాతి మొత్తం తన ఏడు రోజులను వెచ్చించింది! ఆమె తప్పు చేసి శిక్ష పొందిన మనిషి. ఆమె కోసమే అంతమంది ఆగితే, తప్పేమీ లేకుండా, రోగులకు సేవ చేసి వచ్చినవారి కోసం మనమెంత ఆగాలి?

అంటువ్యాధి ప్రబలిన చోట పనిచేసి ఇంటికి తిరిగివచ్చే డాక్టర్లను, నర్సులను, ఆశా కార్యకర్తలను కొన్నాళ్లు విడిగా ఉంచాలా, అక్కర్లేదా? 2020లో ఈ ప్రశ్న మన గుమ్మాల దాకా వచ్చింది. కనగానపల్లి అప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది, శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఆ జిల్లాలో కరోనా మొదట కనిపించింది లేపాక్షి, హిందూపురం వైపు. కొద్దిరోజులకే అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో వైద్యులకూ నర్సులకూ సోకింది. బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రిగా మారింది. అలాంటి చోట్ల డ్యూటీ ముగించుకుని ఒక అమ్మాయి సొంతూరికి వస్తే, వీధిలో తలుపులు తెరుచుకోవాలా, మూసుకోవాలా? 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కానీ ఈ ప్రశ్న ముగియలేదు. రేపు మరో వ్యాధి వస్తే మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడుతుంది.

యాజకుడు ఊహించలేదు, పరీక్షించాడు

అంటువ్యాధి వేళ కొందరిని విడిగా ఉంచడం కొత్త సంగతి కాదు. క్వారంటైన్ అనే మాట నలభై అనే అర్థమున్న ఇటలీ పదం నుండి పుట్టింది. ప్లేగు భయంతో ఓడలను నలభై రోజులు రేవులో ఆపిన కాలపు మాట అది. అంతకుముందే, 1377లో, రగూసా అనే రేవు పట్టణం ముప్పై రోజుల గడువు పెట్టింది. మన పల్లెల్లోనూ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు. అవి చూసి బయటివారు లోపలికి రారు. తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్లతో తలస్నానం చేయిస్తారు. ఆ స్నానంతో విడిగా ఉండడం ముగిసిపోతుంది.

లేవీయకాండము 13వ అధ్యాయాన్ని నిదానంగా చదివితే మూడు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, యాజకుడు పుకారు విని తీర్పు చెప్పడు. మచ్చ చర్మం కంటే లోతుగా ఉందా, అక్కడి వెంట్రుకలు తెల్లబడ్డాయా అని కళ్లారా చూస్తాడు. రెండవది, సందేహముంటే ఏడు రోజులు ప్రత్యేకంగా ఉంచి మళ్లీ చూస్తాడు, అవసరమైతే మరో ఏడు రోజులు. గడువు ముందే తెలుసు. మూడవది, పరీక్షలో ఏమీ లేదని తేలితే పవిత్రుడని ప్రకటించవలసిందీ ఆ యాజకుడే. ఒళ్లంతా తెల్లబడి చూడటానికి భయంకరంగా ఉన్నవాడిని కూడా ఆ అధ్యాయం పవిత్రుడే అంటుంది! చూసేవారి భయం అక్కడ కొలబద్ద కాదు.

సంఖ్యాకాండము 19వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. ప్రజల శుద్ధి కోసం ఎర్రని పెయ్యను వధించే పనిలో పాలుపొందిన యాజకుడు తానే అపవిత్రుడవుతాడు. ఇతరులను శుద్ధి చేసే సేవలో సేవకునికి అంటేది అంటుతుందని ధర్మశాస్త్రం దాచలేదు. అతడు బట్టలు ఉతుక్కోవాలి, స్నానం చేయాలి. అయితే ఆ అపవిత్రత సాయంకాలం వరకే. సాయంత్రమైతే అతడు మునుపటి మనిషే.

రెండు వ్యాధులు, రెండు జవాబులు

కాబట్టి విడిగా ఉంచాలా అని అడిగేముందు, ఏ వ్యాధి అని అడగాలి. 2014 అక్టోబరులో కేసీ హికాక్స్ అనే అమెరికా నర్సు సియెర్రా లియోన్‌లో ఎబోలా రోగులకు సేవచేసి స్వదేశం చేరింది. న్యూజెర్సీ అధికారులు ఆమెను విమానాశ్రయంలో ఆపి, ఒక ఆసుపత్రి దగ్గర గుడారంలో ఉంచారు. పరీక్షలో ఎబోలా లేదని తేలింది. తర్వాత ఆమె మెయిన్ రాష్ట్రానికి వెళితే, 21 రోజుల గడువు ముగిసేదాకా ఇంట్లోనే ఉండాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. ఎబోలా సోకినవారి నుండి ఇతరులకు అంటేది లక్షణాలు కనిపించాకే. అందుకే అక్టోబరు 31న న్యాయమూర్తి ఆమెను నిర్బంధించనక్కర్లేదన్నారు. అయితే రోజూ ఆరోగ్యాన్ని అధికారులు గమనించేందుకు సహకరించాలనీ, ప్రయాణాల సంగతి ముందే తెలియజేయాలనీ ఆదేశించారు. ప్రజల భయంలో పూర్తిగా హేతువు లేకపోయినా అది ఉన్నమాట నిజమే గనుక దాన్ని గమనించి మెలగమనీ ఆమెకు చెప్పారు. సమతూకమైన తీర్పు అది.

కరోనా సంగతి వేరు. అది లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటగలదు. బాగానే ఉన్నాననుకునే నర్సు నుండి ఇంట్లోని ముసలి అవ్వకు సోకవచ్చు. కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ కావలసిందే. అలాగని కోవిడ్ వార్డులో పనిచేసిన ప్రతివారినీ ప్రతిసారీ విడిగా ఉంచాలా? 2020 మే 15న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల ప్రకారం అందరికీ అది అవసరం లేదు. రక్షణ దుస్తులు లేకుండానో, అవి చిరిగిపోయిన స్థితిలోనో రోగి దగ్గర మెలిగినవారికే క్వారంటైన్. దీనిమీద వైద్యులు అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఇక్కడ గమనించవలసిందొకటుంది. తమకు విడి వసతి కావాలని అడిగింది వైద్యులే! తమవల్ల ఇంట్లోవారికి హాని కలగకూడదన్నదే వారి ఆరాటం. 2020 జూన్ 17న కోర్టు వారికి క్వారంటైన్ వసతి నిరాకరించరాదని ఆదేశించింది. ఆ రోజులను డ్యూటీగానే లెక్కిస్తామని జూలై 31న కేంద్రం కోర్టుకు తెలిపింది.

భయం గుంపుగా చేరితే

విడిగా ఉంచడం వేరు, వెలివేయడం వేరు. 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా డాక్టర్ల కోసం చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే వరంగల్‌లో కొందరు వైద్యులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారని వార్తలు వచ్చాయి. ఏప్రిల్ మధ్యలో నెల్లూరుకు చెందిన ఒక ఎముకల వైద్యుడు చెన్నైలో కరోనాతో చనిపోతే, ఒక శ్మశానం దగ్గర స్థానికులు దహనానికి అడ్డుపడ్డారు. అదే నెల 19న చెన్నై న్యూరోసర్జన్ డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ కన్నుమూశారు. మృతదేహాన్ని తీసుకువెళ్తున్న అంబులెన్సు మీద గుంపు రాళ్లు రువ్వింది. చివరికి ఆ రాత్రి తోటి వైద్యుడొకరు దగ్గరుండి మట్టి కప్పవలసి వచ్చింది. జీవితమంతా రోగులకిచ్చినవారికి ఆరడుగుల నేల కోసం ఇంత పోరాటమా! ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బందిపై హింసకు 3 నెలల నుండి 5 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుండి 7 ఏళ్ల వరకు జైలు. అయితే చట్టం రాయి విసిరే చేతిని ఆపగలదు గాని, మూసుకున్న తలుపును ప్రేమతో తెరిపించలేదు. ఆ పని సంఘానిది.

వెలి అంటే ఏమిటో మన సంఘాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరి చివర ఇళ్లు, వేరు బావి, వేరు గ్లాసు... మన తాతలు చూసినవే. ఆ వెలికి గడువు లేదు, పరీక్ష లేదు, తిరిగి లోపలికి పిలిచే యాజకుడూ లేడు. అది అనుభవించినవారి బిడ్డలం మనం ఒక నర్సు ఇంటి ముందు అదే గీత గీయడం తగునా?

ఖర్చు ఎవరు భరించాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. విడిగా ఉండమనడం తేలిక. పల్లెల్లో చాలా ఇళ్లు ఒకటి రెండు గదులవి. అందులోనే పిల్లలు, ముసలివారు, వంట. ఆ ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త ఏ గదిలో విడిగా ఉంటుంది? కూలికి వెళ్లే ఇంటివారిని కూడా ఇంటిపట్టునే ఉండమంటే ఆ కూలి ఎవరిస్తారు? అందరి క్షేమం కోసం ఒకరిని ఆగమన్నప్పుడు, ఆ ఆగడానికయ్యే ఖర్చు అందరిదీ కావాలి. మిర్యాము కోసం పాళెమంతా ఆగిన లెక్క అదే.

అందుకే ప్రతి సంఘం ముందే మూడు పనులు అనుకోవాలి. ఆదివారం తప్ప వారమంతా ఖాళీగా ఉండే ప్రార్థనా మందిరపు హాలును, స్నానాల గదినీ మరుగుదొడ్డినీ సరిచేసి, అవసరమైతే వైద్యాధికారి సలహాతో అలాంటివారికి ఇవ్వాలి. ఆ రోజుల్లో భోజనం, మందులు గుమ్మం దాకా చేర్చే బాధ్యతను స్త్రీల సమాజం, యవ్వనస్థులు వంతులవారీగా తీసుకోవాలి. ఎన్ని రోజులు, ఎందుకు అన్నది డాక్టరు చెప్పాలి గాని రచ్చబండ చెప్పకూడదు. ఆ గడువు ముగిసిన రోజున పెద్దలు స్వయంగా వెళ్లి ఆమెను ఇంటికి తోడ్కొని రావాలి. ఊరంతా చూసేలా!

ఎపఫ్రొదితు ఫిలిప్పీ సంఘం పంపిన సేవకుడు. చెరలో ఉన్న పౌలుకు పరిచర్య చేస్తూ చావు అంచుల దాకా జబ్బుపడ్డాడు. కోలుకున్నాక అతణ్ణి తిరిగి పంపుతూ పౌలు ఉత్తరం రాశాడు. అతణ్ణి సంతోషంతో చేర్చుకోమనీ, అలాంటివారిని ఘనపరచమనీ కోరాడు. క్రీస్తు పని కోసం ప్రాణాన్ని పణంగా పెట్టినవాడని గుర్తుచేశాడు. నిజానికి ప్రతి నర్సు, ప్రతి ఆశా కార్యకర్త అలాంటి ఉత్తరం పట్టుకునే ఇంటికి వస్తుంది. మన కళ్లకు అది కనబడదంతే.

అవసరమైతే ఆమెను కొన్నాళ్లు విడిగా ఉంచుదాం. ఆ కొన్నాళ్లూ ఆమె ఒంటరి కాకుండా చూద్దాం. ఆమె లోపలికి వచ్చేదాకా మన గుడారాలు ఎత్తకుండా ఉందాం. అందుకు కావలసిన జ్ఞానాన్నీ ధైర్యాన్నీ ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక!